ఇరవై రెండు కీళ్ళ మరమనిషి

ఆ ఫొటో ముందు చూసింది మా ఆవిడ అంతోనమ్మ. చేపలు చుట్టి తెచ్చిన సినిమా వారపత్రిక కాగితం అది. చేపలు గిన్నెలో వేసి, కాగితం పారేయబోతూ ఆగి, "ఏమండీ, ఇది మీవాడేనా చూడండి" అని తడి చేత్తో పట్టుకొచ్చింది.

నిర్మాత కాశీవిశ్వనాథంగారి జూబ్లీహిల్స్ ఇల్లు. ఆ ఇంట్లో పూజగది. వెంకటేశ్వరస్వామి పటానికీ లక్ష్మీదేవి పటానికీ నడుమ, మెడలో చేమంతి దండ, నుదుట బొట్టు, కుడి చెయ్యి ముందుకెత్తి నిలబడ్డ అడుగున్నర మరమనిషి. అది నేను చేసిన బొమ్మ. మూడేళ్ళ కిందట క్లైమాక్సులో బాంబు పెట్టి పేల్చేశామని యూనిట్ అంతా ఏకగ్రీవంగా చెబితే, నమ్మి, రెండు పూటలు అన్నం మానేసి ఏడ్చాను దానికోసం. ఇప్పుడది దండ వేసుకుని నిలబడి ఉంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా నాకు వెంటనే తట్టలేదు.

నా పేరు సుందర్ రాజు. మాది రేపల్లె. సినిమాల్లో మౌల్డింగ్ పని నాది. సింహాసనం మీది సింహాలు, హీరో గుద్దితే విరిగే స్తంభాలు, పాటలో పూలు చల్లే రతీదేవి, అన్నీ మనమే పోస్తాం ప్లాస్టరాఫ్ ప్యారిస్‌తో. మద్రాసులో ఉండగా ఒక ఆదివారం బర్మా బజారులో జపాన్ రేకు రోబో ఒకటి కొన్నాను. కీ ఇస్తే నడిచేది కానీ చెయ్యి ఎత్తేది కాదు. మనిషంటే చెయ్యెత్తాలి, కూర్చోవాలి, తల వంచాలి. అక్కడ పట్టుకుంది నాకు పిచ్చి. పరిశ్రమతోపాటు హైదరాబాదు వచ్చి కృష్ణానగర్‌లో కొమురమ్మ ఇంట్లో రెండు గదుల్లో దిగాక, సామానుకంటే ముందు నా రోబోల బీరువా సర్దుకున్నాను. ప్రతి ఆదివారం చర్చిలో పూజయ్యాక అక్కడి నుంచి తిన్నగా ఎర్రగడ్డ సంతకు పోయి విరిగిన బొమ్మలు ఏరుకొచ్చేవాణ్ణి. వాటి మోకాళ్ళూ మోచేతులూ విప్పి చూసి, సొంతంగా గీసుకుని, సొంతంగా చేసేవాణ్ణి. మొదటిదానికి రెండే కీళ్ళు, భుజాలు. ఆ తర్వాత ఒక్కోదానికి ఒక్కో కీలు పెరుగుతూ వచ్చింది. ఇరవై ఒకటోవాడు ఇరవై రెండు కీళ్ళవాడు. బొటనవేలు కూడా వంగేది. మెడ పక్కకు వాలి, ఎవరో చెప్పేది వింటున్నట్టు నిలబడేది.

తొంభైలో కాశీవిశ్వనాథంగారు మరమనిషి కథతో సినిమా మొదలుపెట్టినప్పుడు ఆర్ట్ డైరెక్టర్‌గారు మా ఇంటికొచ్చి, బీరువా చూసి, ఇరవై ఒకటోవాణ్ణి చంకన పెట్టుకుపోయారు. అట్టముక్కల ఊరి మధ్య దీన్ని నిలబెట్టి తీస్తే తెర మీద తాటిచెట్టంత కనిపిస్తుంది. క్లైమాక్సులో అది రైలుకి అడ్డంగా నిలబడి చెయ్యి చాపి ఆపుతుంది, తర్వాత పేలిపోతుంది. ఆ చెయ్యి ఎలా ఎత్తాలో వారం రోజులు అద్దం ముందు నిలబడి చూసుకున్నాను. మణికట్టు కాస్త వెనక్కి వాలాలి, బొటనవేలు విడిగా ఉండాలి, చూసినవాడెవడైనా ఉన్నచోటనే ఆగిపోవాలి.

పేల్చడానికి డూపు కావాలి. మనుషులకే కాదు, మా దగ్గర వస్తువులకీ డూపులుంటాయి. అదే పోజులో కీళ్ళు లేకుండా ఇంకోటి పోశాను. కీళ్ళున్నచోట గీతలు గీశాను. బరువు తేడా రాకూడదని కడుపులో ఇసుక కూడా పోశాను. కన్నతల్లి కూడా గుర్తుపట్టకూడదని ఆర్ట్ డైరెక్టర్‌గారు అన్నారు, నేను కూడా పంతానికి పోయి అలాగే చేశాను. ఒకటే గుర్తు. మా డిపార్ట్‌మెంటు ఆనవాయితీ ప్రకారం డూపు ఎడమ పాదం మీద ఎర్ర రంగు చుక్క. చుక్క ఉన్నది పేల్చేది, లేనిది దాచేది. ఇందులో తికమకకి తావెక్కడుంది?

ముహూర్తం రోజున తావు దొరికింది. నిర్మాతగారి భార్య శారదాదేవిగారు కెమెరాకీ క్లాప్ బోర్డుకీ బొట్లు పెట్టి, పక్కనే ఉన్న రెండు మరమనుషుల్నీ చూసి, పళ్ళెంలో కొబ్బరినూనెతో కలిపిన కుంకుమ ఉంగరం వేలితో తీసి రెండింటి నుదుటా పెట్టారు. అంతటితో ఊరుకోకుండా రెండింటి రెండు పాదాల మీదా పెట్టారు. నూనె కుంకుమ ఒకసారి అంటితే వదలదు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. ప్రసాదం తింటున్నాను. నా బుర్రకు తట్టలేదు. క్లైమాక్సు తీసే రోజులకి నాకు పచ్చకామెర్లొచ్చి మంచం పట్టాను. లేచేసరికి రెండూ పేలుడులోనే పోయాయన్నారు.

రెండూ పోలేదని ఇప్పుడు తెలిసింది. మిగిలింది ఏది? అదే నాకు కావలసింది.

ఊరికే కాదు. బాలానగర్‌లో ప్లాస్టిక్ బొమ్మలు పోసే కంపెనీ ఒకటుంది. దాని యజమాని ఆ సినిమా చూసి, నా గురించి వాకబు చేసి పిలిపించాడు. మెడ అలా వాలే మరమనిషి నమూనా తెస్తే వేలకొద్దీ పోస్తామన్నాడు. డబ్బా మీద "రూపకల్పన: సుందర్ రాజు" అని అచ్చు వేస్తామన్నాడు. నలభై సినిమాలకి పనిచేశాను. తెర మీద నా పేరు ఒక్కసారీ పడలేదు. ఆ మాట వినగానే నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

కానీ ఆ మెడ ఎలా చేశానో నాకు గుర్తులేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను చేసిందే నాకు తెలియదు. రెండు నెలలు పిచ్చిగా పనిచేస్తూ, సైకిల్ ట్యూబు ముక్కలూ, పాత గొడుగు పుల్లలూ, చేతికి దొరికినవన్నీ కట్టి, విప్పి, మళ్ళీ కట్టి, ఒక తెల్లవారుజామున మెడ వాలింది. వాలగానే మూత బిగించేశాను. కాగితం మీద ఒక్క గీత గీయలేదు. తర్వాత నాలుగుసార్లు చేసి చూశాను. నాలుగు తలలూ కోడిమెడల్లా వేలాడాయి. లోపల చూస్తే తప్ప రాదు. కంపెనీవాడు నవంబరు ఆఖరి సోమవారం పది గంటలకి నమూనాతో రమ్మన్నాడు.

ముందు బసవపున్నయ్య దగ్గరికి వెళ్ళాను. మా బాంబుల మాస్టరు. ఎడమ చేతికి మూడే వేళ్ళుంటాయి, అయినా ధైర్యం తగ్గలేదు. పేల్చింది డూపునేనని పిల్లల మీద ఒట్టు పెట్టాడు. ఎలా తెలుసంటే ఎర్ర చుక్క చూశానన్నాడు. రెండింటికీ ఎర్రగానే ఉంది కదా అన్నాను. ఉందన్నాడు. మరి నువ్వు తీసుకున్నది ఏదిరా అంటే ఎర్ర చుక్క ఉన్నదే తీసుకున్నానన్నాడు. కెమెరా అసిస్టెంటుని అడిగితే, పేలినప్పుడు ఏదో స్ప్రింగులాంటిది ఎగిరినట్టు గుర్తన్నాడు. డూపులో స్ప్రింగు లేదు. స్ప్రింగు ఎగిరితే పోయింది అసలుదే.

సరే, సినిమానే అడుగుదామని, ఎర్రగడ్డ దగ్గర ఒక హాల్లో అది మళ్ళీ ఆడుతుంటే మ్యాట్నీకి వెళ్ళాను. పేలుడులో ఏదో సన్నటిది ఎగిరింది. స్ప్రింగో, వేలాడగట్టిన తీగో తెలియలేదు. రెండోసారి వెళితే అసలేమీ ఎగిరినట్టు అనిపించలేదు. మూడోసారి హాలువాడు ఆట తొందరగా ముగించాలని పేలుడు ముక్క ఒక్కటీ కత్తిరించేశాడు. బాధ అది కాదు. నేను వారం రోజులు అద్దం ముందు నిలబడి తీర్చిన ఆ చెయ్యి తెర మీద లేచినప్పుడు, మూడు ఆటల్లోనూ జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. ఒక్కడూ ఆగలేదు.

ఇంటికొచ్చి ఈ గోలంతా చెబితే మా ఇంటి ఓనరు కొమురమ్మ అరుగు మీద బియ్యం ఏరుతూ తీర్పు చెప్పింది. "గా బొమ్మ కోసం గింత ఫికరెందుకు సారూ? దేవుడైనంక గది ఇంక నీదెట్లయితది?" అంతోనమ్మ మాత్రం పోయినవి దొరికించే పునీత అంతోనివారికి కొవ్వొత్తి మొక్కుకుంది. ఒక పూజగదిలోంచి బొమ్మని ఇంకో పునీతుడు బయటికి తేవాలట. ఎవరు ఎవరితో మాట్లాడుకుంటారో ఏమో, నాకేమీ బోధపడలేదు.

జూబ్లీహిల్స్‌కి మొదటిసారి వెళ్ళినప్పుడు కాశీవిశ్వనాథంగారు అవుట్‌డోర్ షూటింగులో ఉన్నారు. శారదాదేవిగారు కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి, అంతా విన్నారు. షూటింగు అయ్యాక మిగిలిన బొమ్మని కంపెనీ కారు డిక్కీలో పడేస్తుంటే, చెయ్యెత్తి దీవిస్తున్నట్టుందని తానే ఇంటికి తెచ్చుకున్నానన్నారు. సినిమా వందరోజులు ఆడాక దేవుడి పక్కన పెట్టారట. అది దీవెన కాదమ్మా, ఆగు అనడం, రైలుని ఆపడం అని చెప్పాను. ఆమె నవ్వి, "ఆపదను ఆపడమూ దీవెనేగా నాయనా" అన్నారు. అది నేను చేసిన బొమ్మండీ అంటే, కాదన్నదెవరన్నారు. "మా ఊళ్ళో రాములవారి విగ్రహం కూడా ఎవరో ఒకరు చెక్కిందే. ఆయనొచ్చి తిరిగిచ్చెయ్యమని అడిగాడా?"

కాఫీ గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేశాను. దారిలో మూడు జవాబులు తట్టాయి కానీ అప్పటికి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటేశాను.

రెండోసారి వెళితే గడప అవతల నుంచి చూడనిచ్చారు. అగరొత్తుల పొగలో కళ్ళు చికిలించి పావుగంట చూశాను. మోచేతి దగ్గరున్నది గీతో, అతుకో అంతుపట్టలేదు. కన్నతల్లి కూడా గుర్తుపట్టకూడదనుకున్నాను కదా, తండ్రి కూడా గుర్తుపట్టలేకపోయాడు. నా పనితనం మీద నాకే ఒళ్ళు మండింది. మోచెయ్యి పట్టుకుని ఒక్కసారి తిప్పితే తేలిపోతుందమ్మా అన్నాను. దేవుడి చెయ్యి మెలిపెడతావా అన్నట్టు చూశారామె.

మూడోసారి వెళ్ళింది సోమవారానికి ముందు శనివారం. ఆ రోజు ఏదీ దాచుకోలేదు. డబ్బా మీద పేరు సంగతి చెప్పాను. నలభై సినిమాల సంగతి చెప్పాను. యాభై ఏళ్ళవాణ్ణి, ఒక బొమ్మ కోసం పరాయి ఇంట్లో కళ్ళు తుడుచుకున్నాను. ఆమె లేచి, తువ్వాలు తెచ్చిచ్చారు.

"తలస్నానం చేసి రా. నువ్వే తిప్పి చూడు. తిరిగితే నీది, పట్టుకుపో. తిరక్కపోతే నాది. మళ్ళీ ఈ మాట ఎత్తకు."

పెరట్లో కుళాయి కింద చన్నీళ్ళు పోసుకుని, కాశీవిశ్వనాథంగారి పంచె కట్టుకుని, వణుకుతూ పూజగదిలోకి వెళ్ళాను. ఆమె దండ తీసి పక్కన పెట్టారు. నేను లోపల ఏసుప్రభువుని తలచుకుని, ఎదురుగా వెంకటేశ్వరస్వామికి దణ్ణం పెట్టి, ఎడమ చేత్తో బొమ్మ భుజం పట్టుకుని కుడి చేత్తో మోచెయ్యి తిప్పాను. తిరగలేదు. గట్టిగా తిప్పాను. రాయిలా ఉంది. బొటనవేలు పట్టి చూశాను. మెడ పట్టి చూశాను. ఏదీ కదల్లేదు. డూపు. అసలువాడు మూడేళ్ళ కిందటే బసవపున్నయ్య చేతిలో పొగైపోయాడు. నేను కొత్తగా ఏడవాల్సిందేమీ లేదు, అయినా అక్కడే కూలబడ్డాను.

శారదాదేవిగారికి జాలేసింది. వీపు మీద చెయ్యి వేసి, ఊరడిద్దామనే కాబోలు, "బాధపడకు నాయనా. పోయిన ఏడాది ఆ చెయ్యి కొంచెం కొంచెంగా కిందికి దిగిపోతుంటే నాకూ ఇలాగే కాలూ చెయ్యీ ఆడలేదు. అది దిగిన ఏడాదే వరసగా రెండు సినిమాలు పోయాయి. వడ్రంగిని పిలిచి, పైకెత్తించి, సందులన్నిట్లో అరల్డైట్ జిగురు పోయించాను. అప్పుడు గాని మూడోది ఆడలేదు" అన్నారు.

నేను తలెత్తి ఆమెని చూశాను. ఆమె నన్ను చూశారు. పోత పోసిన చెయ్యి కిందికి దిగదు. అసలువాడి కీళ్ళలో కట్టిన సైకిల్ ట్యూబు రబ్బరు రెండేళ్ళకి సాగుతుంది, సాగితే ఎత్తిన చెయ్యి దిగుతుంది. దిగిందంటే అది అసలుదే. ఆమె మొహంలో రంగు మారిపోయింది.

"దిగిందంటే తిరిగేదనేగా అర్థం" అన్నారు, తనలో తాను చెప్పుకుంటున్నట్టు. "నా నోటితో నేనే చెప్పాను. మాటంటే మాటే. పట్టుకుపో."

ఆ ఇంటి సినిమాలన్నీ ఆ చేతి మీదే నిలబడ్డాయని ఆమె నమ్మకం. అయినా ఇచ్చేశారు. కొత్త తువ్వాలులో చుట్టి, బొట్టు చెరిగిపోకుండా నుదుటి దగ్గర మడత వదులు చేసి, నా చేతుల్లో పెట్టి, కొంగుతో కళ్ళు ఒత్తుకుని లోపలికి వెళ్ళిపోయారు. గెలిచింది నేనే. ఎందుకో దొంగలా గేటు దాటాను.

ఆదివారం మధ్యాహ్నం బల్ల మీద బొమ్మని నిలబెట్టి హాక్సా బ్లేడు తీశాను. వడ్రంగి మహానుభావుడు ఒక్క సందు వదల్లేదు. ఇరవై రెండు కీళ్ళూ బిగుసుకుపోయాయి. మెడ లోపల ఏముందో చూడాలంటే మెడ కొయ్యాల్సిందే. కొమురమ్మ గుమ్మంలోకి వచ్చి, బొట్టు చూసి, అలవాటుగా దణ్ణం పెట్టి పోయింది. అంతోనమ్మ, "కొయ్యండి, బొమ్మేగా" అని ధైర్యం చెప్పి, తను మాత్రం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వొచ్చింది. వీళ్ళందరికీ ఏమైంది అనుకున్నాను. ఇది చెక్క, రేకు, ఫైబరు. నాలుగు రూపాయల సైకిల్ ట్యూబు. నేను కొన్నాను, నేను కోశాను, నేను కట్టాను.

బ్లేడు మెడ దగ్గరికి తెచ్చాను. చెయ్యెత్తి ఉంది. మణికట్టు కాస్త వెనక్కి వాలింది. బొటనవేలు విడిగా ఉంది. నా చెయ్యి ఆగిపోయింది.

మంచినీళ్ళు తాగి మళ్ళీ వచ్చాను. మళ్ళీ ఆగింది. దాన్ని వెనక్కి తిప్పి నిలబెట్టి, వెనక నుంచి కోద్దామని చూశాను. వెనక నుంచి కూడా ఆ చెయ్యి ఎత్తే ఉందని నాకు తెలుసు కదా. పొద్దు వాలేదాకా బల్ల ముందు అలా కూర్చున్నాను. బ్లేడుకి పసుపు రంగు పెయింటు తప్ప ఏమీ అంటలేదు, అది కూడా ఏదో పాత పనిలో అంటినదే. అంతోనమ్మ వచ్చి లైటు వేసి, నా మొహం చూసి, బ్లేడు తీసుకెళ్ళి పనిముట్ల డబ్బాలో పెట్టేసింది.

సోమవారం పొద్దున బాలానగర్ బస్సెక్కాల్సినవాణ్ణి చెక్‌పోస్టు వైపు ఆటో ఎక్కాను. శారదాదేవిగారు తలుపు తీసి, తువ్వాలు మూట చూసి, రెండు చేతులూ చాపి అందుకున్నారు. పసిపిల్లని అందుకున్నట్టే గుండెకి ఆనించుకున్నారు. అప్పుడు అడిగారు.

"లోపలేముందో చూశావా నాయనా?"

"లేదమ్మా."

"ఏం?"

"చెయ్యెత్తి ఆగమందమ్మా. ఆగిపోయాను."

ఆమె కళ్ళు మూసుకుని ఆ బొమ్మకి నమస్కరించారు. నేను చెప్పింది పనివాడి మాట, మణికట్టు వాలు గురించి, బొటనవేలి ఎడం గురించి. ఆమె విన్నది వేరు. సరిచేద్దామని నోరు తెరిచాను గానీ, నేను చెప్పింది నిజంగా పనివాడి మాటేనా అని నాకే అనుమానం వచ్చి మళ్ళీ మూసుకున్నాను.

తిరుగుదారిలో ఆటో ఎక్కలేదు. కొండ దిగుతూ నడిచాను. పది గంటలు దాటిపోయింది. బాలానగర్‌లో ఎవరో నా కోసం చూసి, గడియారం చూసుకుని, వేరే పనిలో పడిపోయి ఉంటారు. డబ్బా మీద నా పేరు పడదు. ఏడుపొచ్చింది, కళ్ళు తుడుచుకోలేదు. అది పేరు పోయినందుకో, ఇన్నేళ్ళకి నా చేతి పని ఒక మనిషిని ఉన్నచోట ఆపగలిగినందుకో, ఆ ఒక్క మనిషీ నేనే అయినందుకో, కృష్ణానగర్ వచ్చేదాకా నాకు తేలలేదు.